సొర కాలేయము – సిపాయి చూపు

యుద్ధము రెండు చోట్ల జరుగును. ఒకటి రణరంగములో, రెండవది దినపత్రిక పుటలో. మొదటి దానిలో సిపాయి తన ప్రాణమును పణముగా పెట్టును. రెండవ దానిలో ఆ సిపాయి బొమ్మను పెట్టి, అతడు తిన్నదో తిననిదో ఒక డబ్బాను, అతడు త్రాగినదో త్రాగనిదో ఒక సీసాను వ్యాపారి ఇంటింటికి అమ్ముకొనును. గత శతాబ్దములో జరిగిన రెండు మహాయుద్ధములలోను ఈ రెండవ యుద్ధము జోరుగా సాగినది. బలవర్ధక పానీయములు, మాంససారములు, టానిక్కులు, మాత్రలు – వీనికన్నిటికి సిపాయి దేహమే పూచీ.

తెలుగు పత్రికలకు ప్రకటనల సహవాసము కొత్తది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారుచేయించి, దానిపై వచ్చిన ఆదాయముతో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించినారు. 1914లో అది మద్రాసునుండి దినపత్రికయైనది. తలనొప్పి మందు తెలుగువారికి పత్రికను ప్రసాదించినదనుట చమత్కారము కాదు, చరిత్ర. కావున ప్రకటన యనగానే ముక్కు విరువ నక్కరలేదు. ప్రకటనలో ఎంత సత్యమున్నది, ఎంత కల్పనయున్నది, ఆ సరుకు చివరకు ఎవరి నోటికి అందినది అను విచారణ మాత్రము అవసరము. అట్టి విచారణకు నెల్లూరు తీరము మంచి తావు. ఏలయన రెండవ ప్రపంచయుద్ధ కాలములో సీమనుండి వచ్చెడి సీసా ఆగిపోయినప్పుడు, దానికి బదులు మద్రాసు రాజధానికి దొరకినది ఆ తీరపు జాలరులు తరతరాలుగా ఎరిగిన సొరచేపయే.

డబ్బాలో వీరరసము

సైన్యము పేరిట ఆహారమును అమ్ముట ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్దముననే మొదలైనది. జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1847లో మాంససారమును తయారుచేయు విధానమును వర్ణించినాడు. 1865లో ఆయన పేరిట కంపెనీ ఏర్పడి, దక్షిణ అమెరికాలోని పశువుల మాంసమును ఉడికించి, చిక్కబరచి, బుడ్లలో నింపి ఐరోపా కంతటికి పంపినది. రోగులకు, గాయపడిన సైనికులకు అది అమృతతుల్యమని ప్రచారము జరిగినది. కొన్ని యేండ్లలోనే ఇతర శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఆ సారములో రుచి యున్నంతగా పోషకశక్తి లేదని తేల్చినారు. అయినను అమ్మకము తగ్గలేదు. రుచికి, పేరుకు ఉన్న బలము శాస్త్రమునకు వెంటనే లొంగునది కాదు.

తరువాత వచ్చినది బోవ్రిల్. 1870–71 నాటి యుద్ధములో ఫ్రెంచి సైన్యమునకు మాంసము సరఫరా చేయుటకు కుదుర్చుకొన్న జాన్‌స్టన్ అను స్కాట్లండు వర్తకుని ప్రయత్నములోనుండి ఈ సరుకు పుట్టినది. దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము జరుగుచున్నప్పుడు ఆ కంపెనీ చేసిన ప్రకటన ప్రకటనల చరిత్రలోనే ఒక వింత. లార్డు రాబర్ట్స్ సేనతో కింబర్లీ, బ్లూమ్‌ఫాంటీనుల దిక్కుగా నడచిన దారిని పటముపై గీసి చూపి, ఆ గీతలు కలిసి ‘బోవ్రిల్’ అను మాటయే అగుచున్నదని 1900లో ప్రకటించినారు. సేనాపతి నడక సైతము కంపెనీ పేరును వ్రాయుచున్నదన్నమాట!

హార్లిక్సు కథ మనకు మరింత దగ్గరిది. ఇంగ్లండునుండి అమెరికాకు వెళ్లిన జేమ్సు, విలియం అను అన్నదమ్ములు 1873లో షికాగోలో వ్యాపారము ప్రారంభించి, బార్లీ మొలకల మాల్టును, గోధుమను, పాలను కలిపి పొడిచేసినారు. మొదట అది శిశువులకు, రోగులకు ఉద్దేశించినది. ధ్రువప్రాంతములకు పోయెడి అన్వేషకులు దానిని వెంట తీసికొనిపోయిన పిదప దాని పేరు మారుమ్రోగినది. మొదటి ప్రపంచయుద్ధములో దానిని మాత్రలుగా చేసి సైనికులకు పంపినారు. జేబులో ఇమిడెడి చిన్న డబ్బా, ఆకలిదప్పులు తీర్చు మాత్ర – తల్లులకు, భార్యలకు ఇంతకంటె ఊరట కలిగించు మాట ఏమున్నది? ముందువరుసలో నున్న కుమారునికి పంపుడని ప్రకటనలు వారినే ప్రబోధించినవి. ఆ యుద్ధమునుండి తిరిగివచ్చిన భారతీయ సైనికులే దానిని మన దేశమునకు పరిచయము చేసినారని చెప్పుదురు. ఫాస్ఫరీన్ అను టానిక్కు మరి యొక మెట్టు పైకి పోయినది. దాని వలన నరములకు సత్తువ వచ్చినదని సైనికులు వ్రాసినట్టుగా జాబులను ఫోటోలతోసహా పత్రికలలో అచ్చువేయించినది.

ఈ ప్రకటనలలోని కీలకము గ్రహింపదగినది. అవి సిపాయికి అమ్మదలచినవి కావు. సిపాయి తిండి సర్కారు చూచుకొనును. అవి గురిపెట్టినది ఇంటనున్నవారిని. ‘మృత్యుముఖములో నిలిచినవానికి పనికివచ్చినది, ఆఫీసులో అలసిన గుమాస్తాకు, పరీక్షకు చదువు బాలునికి, బాలింతకు పనికిరాదా?’ అను తర్కము చదువరి మనస్సులో తనంత తానే పుట్టవలెను. పుట్టించుటయే ప్రకటనకర్త నేర్పు. వాక్యము అతడు సగము వ్రాయును; మిగిలిన సగము చదువరి పూరించుకొనును.

కూత్ కోటలో బయటపడిన నిజము

ప్రకటనల పుటనుండి నిజమైన సిపాయి కడుపులోనికి చూచిన వేరొక కథ కనిపించును. మెసపొటేమియాలో టైగ్రిసు నది యొడ్డున కూత్ అను పట్టణమున్నది. 1915 డిసెంబరు నుండి 1916 ఏప్రిల్ వరకు తురుష్కసేన అక్కడ బ్రిటిషు–ఇండియా సైన్యమును ముట్టడించినది. ఒకే గోడ లోపల రెండు రకముల సిపాయిలు, రెండు రకముల తిండ్లు. తెల్ల సిపాయిలకు శుభ్రపరచిన తెల్లపిండి రొట్టె, గుర్రపు మాంసము. భారత సిపాయిలకు పొట్టుతో కూడిన గోధుమపిండి. వారిలో చాలమంది ఆచారమునుబట్టి గుర్రపు మాంసము ముట్టలేదు. ఫలితమేమి? తెల్లవారికి బెరిబెరి పట్టినది. భారతీయులకు బెరిబెరి రాలేదు; తాజా కూరలు, మాంసము లేనందున స్కర్వీ వచ్చి చిగుళ్లు వాచినవి. పిమ్మట తెల్లవారికి కూడ ముతకపిండి పెట్టవలసి వచ్చినప్పుడు వారి బెరిబెరి తగ్గుముఖము పట్టినది.

యుద్ధరంగమే ప్రయోగశాలగా నిరూపించిన సత్యమిది. సిపాయిని నిలిపినది సీసాలోని సారము కాదు, ధాన్యపు పొట్టు. మరమిల్లులో మనము తవుడని పారబోసి పశువులకు పెట్టెడి భాగములోనే బెరిబెరిని ఆపు విటమిను ఉన్నది. ఈస్టు నుండి చేసిన మార్మైటు అను చిక్కని ముద్దను ఆ యుద్ధములో బెరిబెరికి విరుగుడుగా సైన్యమునకు సరఫరా చేసినప్పుడు పనిచేసినదియు ఇదే విటమిను. ప్రకటించిన ప్రతి సరుకు బూటకము కాదనుటకు మార్మైటు సాక్షి. ఏది నిజము, ఏది బూటకము అని తేల్చునది సిపాయి బొమ్మ కాదు, పరీక్ష.

ఆ పరీక్షకు మన దక్షిణ దేశములోనే పీఠము వెలసినది. నీలగిరులలోని కూనూరులో 1918లో రాబర్ట్ మెక్కారిసన్ బెరిబెరిపై పరిశోధన ప్రారంభించినాడు. క్రమముగా అది పోషకాహార పరిశోధనాలయముగా పెరిగినది. 1935 నుండి వాలస్ ఎక్రాయిడ్ దానికి అధ్యక్షత వహించినాడు. మిల్లులో తెల్లగా మరపట్టిన పచ్చిబియ్యమే ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరికి కారణమని, ఉప్పుడు బియ్యము తినెడి ప్రాంతములలో ఆ వ్యాధి అరుదని అక్కడి పరిశోధనలు స్పష్టపరచినవి. వడ్లను ఉడకబెట్టినప్పుడు పొట్టులోని విటమిను గింజ లోపలికి ఇంకును. అందుచేత తరువాత ఎంత మరపట్టినను కొంత మిగులును. నెల్లూరు సన్నబియ్యపు ఖ్యాతి తెలుగుదేశమంతట పాకినదే. కాని తెలుపు ఎక్కువైనకొలది సత్తువ తక్కువగునన్న మాటను ఏ మిల్లు యజమాని ప్రకటించును?

ఆ పరిశోధనాలయమే ఉసిరికాయకు కూడ శాస్త్రగౌరవము కల్పించినది. నారింజలోకంటె పెక్కు రెట్లు విటమిను–సి అందులో ఉన్నదని తేలినది. 1939–40లో పంజాబులోని హిస్సారు ప్రాంతమున కరవు వచ్చి స్కర్వీ ప్రబలినప్పుడు ఉసిరిక వాడి మేలు పొందినారు. రెండవ యుద్ధములో ఎండు ఉసిరిక పొడి భారత సైనికుల ఆహారములో చేరినది. కార్తికములో ఉసిరిచెట్టు నీడను భోజనము చేయు తెలుగు గృహస్థునకు దీని విలువ చెప్పుటకు ఏ సిపాయి బొమ్మయు అవసరము లేకపోయినది.

చీకటిలో చూచు కన్ను

1940 ఏప్రిల్ 9వ తేదీన జర్మను సేనలు నార్వేలో ప్రవేశించినవి. అక్కడి యుద్ధమునకు, మన తీరపు సొరచేపకు ఏమి సంబంధమని తోచవచ్చును. కాడ్ అను శీతలసముద్రపు చేప కాలేయమునుండి తీసిన నూనె అప్పటికి ప్రపంచమంతట పిల్లలకు, క్షయరోగులకు, సైనికులకు వాడబడుచుండెను. విటమిను–ఎ, విటమిను–డి రెండును దానిలో సమృద్ధిగా ఉండును. దానికి పుట్టినిల్లు నార్వే. ఆ తలుపు మూతపడగానే మద్రాసు ఆసుపత్రి అలమరలోని సీసా ఖాళీయైనది.

అదే సమయమున సైన్యమునకు విటమిను–ఎ మునుపటికంటె ఎక్కువ అవసరమైనది. యుద్ధము రాత్రివేళల యుద్ధమైనది. విమానములు చీకటిలో ఎగురవలెను. కావలివారు చీకటిలో చూడవలెను. కంటి లోపలి పొరలో చీకటిచూపుకు ఆధారమైన వర్ణద్రవ్యము విటమిను–ఎ లేనిదే తయారు కాదు. జార్జి వాల్డ్ అను శాస్త్రజ్ఞుడు 1933లో రెటీనాలో ఈ విటమినును కనుగొన్నాడు. అది కొరవడినప్పుడు మొదట కలుగునది రేచీకటి. ప్రొద్దుక్రుంకగానే ముందున్న స్తంభము కూడ కానరాదు. ఇంకను ముదిరిన నల్లగ్రుడ్డు పొడిబారి, మెత్తబడి, చిట్లి, చూపు శాశ్వతముగా పోవును.

బ్రిటిషు ప్రభుత్వము ఈ శాస్త్రసత్యమును ఒక కట్టుకథతో ముడిపెట్టినది. జాన్ కన్నింగ్‌హామ్ అను వైమానికుడు 1940 నవంబరులో, రాత్రివేళ శత్రువిమానమును విమానములోని రాడారు సాయముతో కూల్చినాడు. రాడారు సంగతి రహస్యము. కావున అతడు, అతని తోటివారు క్యారెట్లు ఎక్కువగా తినుటచేత పిల్లికండ్లు వచ్చినవని ప్రచారము సాగించినారు. జర్మనులు దానిని నమ్మినారో లేదో గాని, ఇంగ్లండులోని గృహిణులు మాత్రము నమ్మి క్యారెట్లు పండించి తినినారు. ఆ దేశమున క్యారెట్లు అవసరమునకు మించి పండియుండుటయు ఈ ప్రచారమునకు తోడ్పడినది. లోపమున్నవానికి విటమిను–ఎ చూపును తిరిగి యిచ్చును. లోపము లేనివానికి ఎంత తినినను పిల్లికండ్లు రావు. ప్రకటనలోని మోసము తరచుగా ఈ సందులోనే దాగియుండును – ‘లేనివానికి కావలెను’ అను సత్యమును ‘ఉన్నవానికి ఇంకను కావలెను’ అని మార్చుట.

మన తీరపు సొర

ఇక నెల్లూరు తీరము. దక్షిణమున పులికాటు సరస్సు, దుగరాజపట్టణము మొదలు కృష్ణపట్టణము, మైపాడు, ఇసకపల్లి మీదుగా ఉత్తరమునకు సాగిన ఈ ఇసుక యొడ్డున పట్టపువారు తరతరములుగా చేపలవేటతో జీవించుచున్నారు. వీరి భాషలో సొరచేపకు ఒక్క పేరు గాదు, కుటుంబమే ఉన్నది. మన తీరపు ఈ పదము శాస్త్రలోకములో సైతము నిలిచిపోయినది. విశాఖపట్టణములో చేపలను సేకరించి పాట్రిక్ రస్సెల్ 1803లో ప్రచురించిన గ్రంథమున రెండువందల చేపలను తెలుగు పేర్లతో సహా చిత్రించినాడు. అందులో ‘పాలసొర’ ఉన్నది. 1839లో ఇద్దరు జర్మను పండితులు ఒక సొరజాతికి పెట్టిన శాస్త్రీయ నామములో ‘సొర్రా’ అను మాట నేటికిని ఉన్నది. లాటిను వేషము వేసికొన్న దేశి పదమది.

పాలసొర అను పేరులోనే ఒక వైద్యమున్నది. దాని మాంసము బాలింతకు పెట్టిన పాలు పడునని తీరవాసుల నమ్మకము. ఇంగ్లీషువారు సైతము ఆ చేపకు ఆ నమ్మకమును బట్టియే పేరు పెట్టుకొన్నారు. ఉడికించి, ముల్లు తీసి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి, మిరియము చేర్చి వండెడి సొరపిట్టు కోస్తా ఇండ్లలో బాలింతకు ప్రత్యేకము. పత్రికలో ప్రకటన లేక, సీసాపై చీటీ లేక, అవ్వ మాటచేతనే తరతరములు నడచిన బలవర్ధకాహారమిది. పాలు పడునన్నది శాస్త్రము నిరూపించినదా అను ప్రశ్న యుండవచ్చును. బాలింతకు చక్కని మాంసకృత్తులు అందినవన్నది మాత్రము నిర్వివాదము.

సొర కాలేయపు నూనెను జాలరులు ఎరుగనివారు కారు. అయితే వారు దానిని త్రాగలేదు. పడవ కొయ్య ఉప్పునీటికి చివుకకుండ పూసెడివారు. సొరకు ఇతర చేపలవలె గాలితిత్తి లేదు. నీటిలో తేలుటకు దానికి నూనెతో నిండిన పెద్ద కాలేయమే ఆధారము. కొన్ని జాతులలో అది శరీరపు బరువులో నాలుగవ వంతు వరకు ఉండును. సముద్రములోని సూక్ష్మమైన నాచును చిన్న జీవులు, వానిని చిన్న చేపలు, వానిని పెద్ద చేపలు తినగా, ఆ గొలుసు చివరనున్న సొర కాలేయములో విటమిను–ఎ సంవత్సరముల తరబడి కూడబడును. అందుచేతనే సొర వయస్సు పెరిగినకొలది నూనెలో ఆ విటమిను పెరుగును. పరీక్షింపగా మన సముద్రపు సొరనూనెలో విటమిను–ఎ కాడ్ నూనెలోకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నట్టు తేలినది. విటమిను–డి మాత్రము తక్కువ.

మద్రాసు ప్రభుత్వమునకు మత్స్యశాఖ కొత్తది కాదు. 1905లోనే సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యమున ఆ పరిశోధన మొదలై, పడమటి తీరమున కవళ్ల నూనె తీయుట మెరుగుపడియుండెను. ఆ అనుభవమే యుద్ధకాలమున అక్కరకు వచ్చినది. కోళిక్కోడులో ప్రభుత్వమే సొరనూనె తయారీ చేపట్టినది. తిరువాన్కూరు, బొంబాయి కూడ అదే త్రోవ పట్టినవి.

తయారీ విధానము వినుటకు సులభము, చేయుటకు జాగ్రత్తతో కూడినది. కాలేయము తాజాగా ఉండగనే పిత్తాశయమును తొలగింపవలెను. లేనిచో నూనె చేదెక్కును. తరిగి, నీటితో మితమైన వేడిపై ఉడికించిన నూనె పైకి తేలును. దానిని తేర్చి, తడి పోగొట్టి, చల్లబరచి, గడ్డకట్టిన క్రొవ్వును వడకట్టి తీసివేయవలెను. తరువాత ఆంటిమనీ ట్రైక్లోరైడు కలిపి, ఏర్పడిన నీలిరంగు గాఢతనుబట్టి విటమిను–ఎ ఎంతయున్నదో లెక్కింపవలెను. వెలుతురు సోకిన ఆ విటమిను నశించును. కావున గోధుమరంగు సీసాలలో నిలువచేయవలెను. సొరనూనె ఘాటైనది కాబట్టి శుద్ధిచేసిన వేరుసెనగ నూనెతో పలుచబరచి నిర్ణీతమైన పాలునకు తెచ్చెడివారు. సముద్రపు సొరయు మెట్టపొలపు వేరుసెనగయు ఒకే సీసాలో కలిసినవన్నమాట. నార్వే సీసాకు బదులుగా వచ్చిన సీసాలో నూటికి నూరుపాళ్లు మన నేల, మన నీరు ఉన్నవి.

ఒడ్డుననే చీకటి

ఇంతవరకు విజయగాథ. ఇక దాని రెండవ ముఖమును చూడవలెను.

1942 మార్చిలో రంగూను జపానువారి వశమైనది. బర్మా బియ్యము రాక నిలిచిపోయినది. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడినవి. మద్రాసు నగరము సగము ఖాళీయైనది. తూర్పుతీరమంతట భయము అలముకొన్నది. మరుసటి సంవత్సరము వంగదేశమున కరవు వచ్చి సుమారు 30 లక్షలమంది మరణించినారు. అప్పటికి భారతసైన్యము పెరుగుచు యుద్ధాంతమునకు 25 లక్షలకు చేరినది. దేశములోని తిండికి మొదటి హక్కుదారు సైన్యమే. అట్టి దినములలో పత్రిక ఒక పుటలో కరవు వార్త, ఎదుటి పుటలో బలవర్ధక పానీయపు ప్రకటన అచ్చగుచుండెను. ఆకలి గొన్నవానికి ఆకలి కలిగించు మందు అమ్మినట్లు!

విటమిను–ఎ కొరతచేత చూపు పోవుట మద్రాసు రాజధానికి చిరపరిచితమైన విషాదము. మద్రాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలకు అధ్యక్షుడైన ఆర్. ఇ. రైట్ దీనిని ఎన్నో యేండ్లు పరిశీలించి వ్రాసినాడు. ఆయన, ఎక్రాయిడ్ కలిసి ఎర్రని తాటిజాతి నూనెతో – నేడు పామాయిలు అను దానిని శుద్ధి చేయక ముందు ఎర్రగా ఉండు స్థితిలో – ఈ వ్యాధికి చికిత్స చేసి 1930ల చివర ఫలితములు ప్రకటించినారు. వ్యాధికి గురియగువారు రెండుమూడేండ్ల పసివారు; పేదయింటి బిడ్డలు; తల్లి పాలు మాని గంజినీళ్లపై పెరుగువారు. వారికి కావలసినది ఎంత? కొద్దిపాటి సొరనూనె, లేదా దినమునకు గుప్పెడు ఆకుకూర.

ఇక్కడనే విచారింపవలసిన విషయమున్నది. ఏ సముద్రపు సొర కాలేయములో సిపాయి చూపును నిలుపు ద్రవ్యమున్నదో, ఆ సముద్రపు టొడ్డున ఉన్న రాజధానిలోనే పసిబిడ్డలు చూపు పోగొట్టుకొన్నారు. ద్రవ్యము లేక గాదు, అది ఉన్నదని తెలియక, తెలిసినను అందక. ఇంగ్లండు ప్రభుత్వము 1941 డిసెంబరులో తన దేశపు చిన్నపిల్లలకు కాడ్ నూనెను, పండ్లరసమును ఇచ్చు పథకమును ప్రారంభించినది. యుద్ధములో మునిగియున్న దేశమే తన పసివారిని మరువలేదు. అదే ప్రభుత్వము ఏలుబడిలోని మన పసివారికి అట్టి పథకము లేకపోయినది. సిపాయి కన్నుకు విలువ కట్టిన సామ్రాజ్యము శిశువు కన్నుకు కట్టలేదు. ఏలయన శిశువు తుపాకి పట్టడు.

తెలుగు పల్లెలలో అవిసె ఆకు, పొన్నగంటి కూర, మునగాకు కండ్లకు మంచివని పెద్దలు చెప్పెడివారు. రేచీకటి పట్టినవానికి మేక కాలేయము పెట్టెడివారు. వీనిలోని సారమును శాస్త్రము తరువాత ధ్రువపరచినది. కాని పట్టణపు చదువు వచ్చినకొలది, సీసాలోనిదే బలము, పెరటిలోనిది కాదు అను భావము పెరిగినది. ప్రకటన చేసిన పెద్ద హాని సరుకు అమ్ముట కాదు. పెరటిచెట్టును చిన్నబుచ్చుట.

యుద్ధము ముగిసిన తరువాత

1947లో స్విట్జర్లండులోని ఓటో ఇస్లర్, ఆయన సహచరులు విటమిను–ఎను ప్రయోగశాలలో తయారుచేయు మార్గము కనుగొన్నారు. కర్మాగారములో చౌకగా తయారగు విటమిను రాగానే ప్రపంచమంతట సొరకాలేయపు వ్యాపారము క్షీణించినది. యుద్ధకాలములో బంగారమువలె అమ్ముడుపోయిన కాలిఫోర్నియా సొరకాలేయము ధర పతనమైనది. మన దేశములో సొరనూనె మరికొంతకాలము నిలిచినది. బరోడాకు చెందిన అలెంబిక్ సంస్థవారి షార్కోఫెరాల్ అను టానిక్కు, సొరనూనె, మాల్టు, ఇనుము కలిపినది, మధ్యతరగతి ఇండ్లలో పిల్లలచేత ముక్కు మూసి త్రాగించిన తల్లులు ఎందరో.

కూనూరు పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చినది. తెలుగు గడ్డపై వెలసిన ఆ సంస్థ పరిశోధన ఆధారముగా 1970లో దేశమంతట చిన్నపిల్లలకు ఆరునెలలకొకసారి విటమిను–ఎ ద్రావకమును నోటిలో పోయు కార్యక్రమము ఆరంభమైనది. ఆ విటమిను శరీరములో కాలేయమున నిలువయుండును కాబట్టి ఒక చెంచా మోతాదు నెలల తరబడి కాపాడును. సొర కాలేయము చేయు పనినే బిడ్డ కాలేయము చేయును. సిపాయికి అందిన మూడు దశాబ్దములకు అది శిశువునకు అందినది. ఆ ద్రావకమునకు సిపాయి బొమ్మ లేదు, పత్రికలో పుట లేదు. అంగన్‌వాడి కార్యకర్త చేతిలోని చెంచాయే దాని ప్రచారము.

హార్లిక్సు కూడ మన యింటికి వచ్చినది. పంజాబులోని నాభాలోను, తరువాత 1975లో రాజమహేంద్రవరము వద్దను దాని కర్మాగారములు వెలసినవి. సిపాయి స్థానమున ఇప్పుడు పొడవెదుగు బాలుడు, మొదటి ర్యాంకు విద్యార్థి నిలిచినారు. దేహము మారినది, తర్కము మారలేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వము ఇట్టి పానీయములను ‘ఆరోగ్య పానీయములు’ అను శీర్షిక క్రింద అంతర్జాలమున అమ్మరాదని సూచించినది. ఆహారచట్టములో అట్టి తరగతియే లేదని తేల్చినది. ఆ నెలలోనే హార్లిక్సు కంపెనీ తన సరుకు తరగతి పేరు మార్చుకొన్నది. నూరేండ్లు చెల్లిన మాటకు ఒక్క ఉత్తరువుతో చెల్లుబాటు పోయినది.

నెల్లూరు తీరముననో, బలవర్ధకాహార ప్రకటన నేడు మరొక రూపు దాల్చినది. 1980ల చివరినుండి ఆ తీరపు చవిటినేలలు రొయ్యల చెరువులైనవి. ఆ దారుల వెంట గోడలపై కనిపించు ప్రకటనలు ఇప్పుడు సిపాయికి గాదు, రొయ్యకు! మేతలు, ఖనిజలవణ మిశ్రమములు, విటమిన్లు – త్వరగా పెరుగును, రోగము రాదు అను పాత వాగ్దానములే. ఆ మేతలో చేపనూనె కలియుట మరొక విశేషము. సొరలు మాత్రము తగ్గిపోయినవి. మితిమీరిన వేటవలన వాని సంతతి క్షీణింపగా, తిమింగలపు సొరకు, రంపపు ముక్కుగల చేపకు 2001లో వన్యప్రాణి చట్టము క్రింద రక్షణ కల్పింపబడినది. 2013లో రెక్కలు కోసి దేహమును సముద్రములో పారవేయు పద్ధతి నిషేధింపబడినది. పది పన్నెండేండ్లకు గాని ఈడురాని సొరలు, ఏటికి కొద్ది పిల్లలనే ఈనెడి సొరలు ఎన్నో కలవు. అట్టి జీవిని ఆధారము చేసికొన్న వ్యాపారము తనను తానే తినివేయును.

ప్రకటన చదువుటయు ఒక చదువు

పాఠశాలలో పద్యమునకు ప్రతిపదార్థము చెప్పుట నేర్పుదురు. ప్రకటనకు ప్రతిపదార్థము చెప్పుట ఎవరు నేర్పుదురు? బాలుడు దినమున ఒక పద్యము చదువునో లేదో గాని, పదుల కొలది ప్రకటనలు చూచును. ఉపాధ్యాయుడు ఒక పాత పత్రికపుటనో, ఒక డబ్బా చీటీనో తరగతిలో పెట్టి మూడు ప్రశ్నలు అడుగవచ్చును. ఇందులో చూపిన దేహము ఎవరిది, అమ్మకము ఎవరికి? ఇందులో చెప్పిన గుణమును ఎవరు, ఎట్లు పరీక్షించినారు? ఇదే గుణము పెరటిలోనో, సంతలోనో, సముద్రములోనో ఎంత ధరకు దొరకును?

ఈ మూడు ప్రశ్నలను సొరనూనె సీసాకు వేసిన సమాధానము గౌరవప్రదముగానే ఉండును. దాని గుణము పరీక్షకు నిలిచినది. ద్రవ్యము మన సముద్రముది. కాని ‘ఇది మొదట ఎవరికి అందవలసినది, ఎవరికి అందినది?’ అను నాలుగవ ప్రశ్న వేసినప్పుడు సీసా మౌనము వహించును. ఆ ప్రశ్నకు ప్రకటన ఎన్నడును బదులు చెప్పదు. దానికి బదులు చెప్పవలసినవారు పాలకులు, అడుగవలసినవారు చదువుకొన్నవారు.